పిల్లలతో కారవాన్‌లో సిక్కోలు తీరం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం జిల్లా చింతపల్లి నుంచి శ్రీకాకుళం జిల్లా కొసనున్న ఇచ్ఛాపురం దాకా, పదేళ్ళలోపు పిల్లలతో కారవాన్‌లో తిరగాలనుకునే కుటుంబాల కోసం ఈ జవాబులు. అన్నిటికీ మూలసూత్రం ఒక్కటే: పగలు తీరంలో, రాత్రి ఊళ్ళో. ఇది పాటించేవాళ్ళకు కింద చెప్పిన ఇబ్బందుల్లో చాలావరకు ఎదురే కావు.

ఎలాంటి బండి అద్దెకు తీసుకోవాలి?

మన దగ్గర కారవాన్ అంటే ఎక్కువగా ఫోర్స్ ట్రావెలర్ లాంటి వ్యానులో పడకలు, చిన్న వంటగట్టు, మరుగుదొడ్డి అమర్చినదే. కారు వెనక తగిలించి లాక్కెళ్ళే రకం ఇక్కడి పల్లె దారుల్లో మలుపు తిరగదు, వెనక్కి తీయడం అంతకన్నా కష్టం. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలకు నాలుగు పడకల బండి చాలు. అంతకన్నా పొడుగుదైతే మత్స్యకారుల ఊళ్ళ సందుల్లో పట్టదు.

అడ్వాన్సు ఇచ్చేముందు ఆర్సీ అడిగి చూడండి. లోపల పడకలు పెట్టి, కాగితాల్లో మాత్రం మామూలు పాసింజరు వ్యానుగా ఉంచిన బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర పేచీ వస్తుంది. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేళ్ళు దాటిన టైరు, పైన గాడులు ఎంత నిండుగా కనిపించినా, వద్దనండి. అద్దె కారవాన్లు తిరిగే రోజులకన్నా ఎండలో నిలబడే రోజులే ఎక్కువ కాబట్టి టైరు అరగకముందే రబ్బరు పగులుతుంది.

డ్రైవరుతో సహా తీసుకుంటే మేలు. ఆయన రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది మొదటిరోజే తేల్చండి. పసిపిల్లల ఏడుపు మధ్య ముందుసీటులో కునికిన మనిషి తెల్లారి హైవే మీద స్టీరింగు పట్టడం మీ పిల్లలకే ప్రమాదం. మీరే నడిపేట్టయితే, లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు మొత్తం బరువు 7,500 కిలోల దాకా ఉన్న బండికి చెల్లుతుంది.

ఏ నెలల్లో వెళ్ళాలి?

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. పగలు ఎండ భరించేలా ఉంటుంది, రాత్రి ఏసీ అక్కర్లేదు. ఏసీ అక్కర్లేకపోవడమే కారవాన్ ప్రయాణంలో సగం సుఖం, ఎందుకో కరెంటు ప్రశ్నలో చెప్పాం. తెల్లవారుజామున పిల్లలకు స్వెట్టరు, టోపీ కావాల్సిందే.

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటింది పలాస దగ్గరే. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయాయో ఇక్కడి వాళ్ళెవరూ మరిచిపోలేదు. దసరా సెలవులు కదా అని ఆ రోజుల్లో బండి బుక్ చేస్తే, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిస్తారని రాతపూర్వకంగా తీసుకోండి. మార్చి దాటాక పగలు పదకొండు నుంచి నాలుగు వరకు పిల్లల్ని బండి దింపలేరు.

సంక్రాంతికి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు హైవే మీదికి రాకండి. నాతవలస, మడపాం టోల్‌గేట్ల దగ్గరే పిల్లల ఓపిక అయిపోతుంది.

ఎన్ని రోజులు? ఏ దారిన?

నాలుగు పగళ్ళు, మూడు రాత్రులు. పిల్లలున్నప్పుడు, విశాఖ నుంచి వచ్చే, తిరిగి వెళ్ళే రోజులు మినహా, రోజుకు సుమారు వంద కిలోమీటర్లకు మించి కదలొద్దు, బస ఊరు రెండుకు మించి మార్చొద్దు. విశాఖ నుంచి శ్రీకాకుళం సుమారు 115 కిలోమీటర్లు. మొదటిరోజు దారిలో పూసపాటిరేగ వైపు తిరిగి చింతపల్లి తీరంలో పూట గడిపి, సాయంత్రానికి శ్రీకాకుళం చేరాలి. రెండోరోజు పొద్దున్నే కళింగపట్నం, తిరిగొచ్చేటప్పుడు శ్రీకూర్మం, రాత్రికి మళ్ళీ శ్రీకాకుళమే. మూడోరోజు టెక్కలి మీదుగా తేలినీలాపురం, భావనపాడు చూసుకుని రాత్రి పలాసలో దిగండి. నాలుగోరోజు సోంపేట మీదుగా బారువ. ఇచ్ఛాపురం దాకా వెళ్ళి తీరాలని లేదు. పిల్లలు అలిసిపోతే బారువ నుంచే వెనక్కి తిరగండి.

16వ నంబరు జాతీయ రహదారి మీద బాధ లేదు. బాధంతా హైవే దిగి సముద్రం వైపు తిరిగాకే. శ్రీకాకుళం దగ్గర రైలు మార్గం హైవేకి పడమటగా ఉంది కాబట్టి కళింగపట్నానికి పట్టాలు అడ్డం రావు. భావనపాడు వైపు మాత్రం నౌపడా దగ్గర పట్టాలు దాటాలి. ఇంకా ఉత్తరాన కూడా అంతే. పట్టాల కింద నుంచి వెళ్ళే వంతెన ఎదురైతే, దాని ముందు ఇనుప కమ్మీ మీద రాసిన ఎత్తు చదివిగాని లోపలికి వెళ్ళకండి. కారవాన్ ఎత్తు మూడు మీటర్ల దాకా ఉంటుంది, నెత్తిన ఏసీ పెట్టె ఉంటే ఇంకాస్త ఎక్కువే. మీ బండి ఎత్తు టేపుతో కొలిచి, డ్రైవరు కళ్ళెదుట చీటీ అంటించండి. ఊళ్ళలో కరెంటు తీగలు, దారి మీదికి వాలిన జీడికొమ్మలు కూడా ఈ ఎత్తులోనే తగులుతాయి. ఫోనులో మ్యాపు చూపించే అడ్డదారి ఆటోకి సరిపోయేదై ఉండొచ్చు. తీరానికి బస్సు వెళ్ళే దారి ఏదో అడిగి అదే పట్టుకోండి.

రాత్రి సముద్రం ఒడ్డునే బండి పెట్టుకుని పడుకోవచ్చా?

వద్దు. చాలామంది కారవాన్ తీసుకునేదే ఇందుకని తెలిసే చెబుతున్నాం. పౌర్ణమి, అమావాస్యల్లో పోటు ఎక్కువగా వస్తుంది. పగలు గట్టిగా కనిపించిన ఇసుక రాత్రికి తడిసి చక్రాలు దిగబడతాయి. తీరంలో దీపాలుండవు. అర్ధరాత్రి పిల్లవాడికి జ్వరం వస్తే చీకట్లో ఇసుకదారిన బండి బయటికి తీయాలి. పైగా ఆ ఒడ్డు మత్స్యకారుల పనిచోటు. తెల్లవారుజామున మూడు నాలుగింటికే పడవలు దించుతారు, వలలు పరుస్తారు. వాళ్ళ దారిలో మీ బండి ఉంటే గొడవ కాక ఏమవుతుంది?

పగలు ఆగేటప్పుడు కూడా ఒడ్డున కనిపించిన పెద్దవాళ్ళతో ఒక్క మాట చెప్పండి. "బాబూ, సాయంత్రం దాకా ఇక్కడ బండి పెట్టుకుంటే మీకేమైనా అడ్డమా?" అంటే చాలు, సరైన చోటు వాళ్ళే చూపిస్తారు. ఆ తర్వాత పిల్లలు నీళ్ళ వైపు పరిగెత్తినా ఊరంతా ఓ కన్నేసి ఉంచుతుంది.

మరి రాత్రి ఎక్కడ ఆగాలి?

అన్నిటికన్నా మంచిది ఊళ్ళో కల్యాణ మండపం ఆవరణ. గేటు, కాపలా మనిషి, బోరు నీళ్ళు, మరుగుదొడ్లు, పదిహేను ఆంపియర్ల ప్లగ్గు అన్నీ ఒక్కచోటే దొరుకుతాయి. డ్రైవరుకు విడిగా గది ఇస్తారు. నెలగంట పెట్టిన (ధనుర్మాసం మొదలైన) దగ్గర్నుంచి పుష్యమాసం వెళ్ళేదాకా పెళ్ళి ముహూర్తాలుండవు కాబట్టి ఆ రోజుల్లో మండపాలు ఖాళీ, బేరమూ కుదురుతుంది. మాఘం రాగానే పంచాంగం చూసుకోండి. ముహూర్తం ఉన్న రాత్రి డీజే మోతలో పిల్లలు నిద్రపోరు.

మండపం దొరక్కపోతే పార్కింగు ఉన్న లాడ్జిలో ఒక్క గది తీసుకుని, ప్లగ్గు, స్నానాల గది వాడుకోండి. లారీలు ఆగే పెట్రోలు బంకు చివరి మార్గం. అక్కడ రాత్రంతా ఇంజన్ల చప్పుడు, పొగ. ఎక్కడ ఆగినా కొబ్బరిచెట్టు కింద మాత్రం పెట్టకండి. కాయ పడితే పైకప్పు సొట్ట పోతుంది. పిల్లవాడు అప్పుడే మెట్టు దిగుతుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇసుకలో దిగబడితే?

చక్రం ఒక్కసారి తిరిగి బండి కదల్లేదంటే యాక్సిలరేటరు వదిలేయండి. ఆ తర్వాత తొక్కిన ప్రతిసారీ వెనక చక్రాలు ఇంకో బెత్తెడు లోపలికి పోతాయి, చివరికి ఇరుసు ఇసుక మీద కూర్చుంటుంది.

ముందు పిల్లల్ని దింపి ఒక పెద్దమనిషితో దూరంగా పంపండి. నాలుగు చక్రాల ముందూ ఇసుక వాలుగా తవ్వండి. టైర్లలో గాలి మూడో వంతు తగ్గిస్తే టైరు వెడల్పయి పట్టు దొరుకుతుంది. వెనక చక్రాల కింద కొబ్బరి మట్టలో చెక్కలో దూర్చి, మొదటి గేరులో మెల్లగా కదపండి. రెండుసార్లకు రాకపోతే ఊళ్ళో ట్రాక్టరు పిలవడమే. తాడు బంపరుకి కాదు, ఛాసిస్‌కి ఉన్న కొక్కేనికి కట్టాలి. లాగేటప్పుడు తాడు వరసలో మనిషన్నవాడు ఉండకూడదు, తెగితే కొరడాలా కొడుతుంది. బయటపడ్డాక గాలి నింపకుండా హైవే ఎక్కకండి, తక్కువ గాలితో వేగంగా వెళితే టైరు వేడెక్కి పేలుతుంది. అందుకే పన్నెండు వోల్టుల గాలి పంపు, పార, రెండు చెక్కలు బండిలో ఉండాలి.

బండి వెళ్తుండగా పిల్లల్ని పడక మీద పడుకోబెట్టవచ్చా?

కూడదు. పడక ఉంది కదా, నిద్రపోతాడు కదా అనిపిస్తుంది. గేదె అడ్డొచ్చి బ్రేకు వేస్తే పడక మీది బిడ్డ ఎగిరి ముందు పలక మీద పడతాడు. పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా బండి నడిపితే మోటారు వాహనాల చట్టం కింద వెయ్యి రూపాయల జరిమానా కూడా ఉంది.

పిల్లల సీటు ముందుకు చూసే సీట్లోనే, భుజం మీదుగా వచ్చే బెల్టుతోనే బిగించాలి. పక్కకు తిరిగి ఉండే సోఫా సీట్లు కారవాన్‌లో చూడ్డానికి బాగుంటాయి గాని వెళ్ళేటప్పుడు అక్కడ పిల్లలొద్దు. అద్దెకిచ్చేవాళ్ళు "బెల్టులున్నాయి సార్" అంటారు. ఎన్ని సీట్లకు భుజం బెల్టు ఉంది, ఎన్నిటికి నడుం బెల్టే ఉందో ఫోటో పంపమనండి.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం బండి వెనక్కి తీసేటప్పుడు. కారవాన్ వెనక ఏముందో డ్రైవరుకు అద్దంలో కనపడదు, రెండేళ్ళ పిల్ల బంపరుకన్నా పొట్టి. ఇంజను స్టార్టు చేసేముందు పిల్లలందరూ బెల్టుల్లో ఉండాలి, లేదా డ్రైవరుకు ఎదురుగా ఒక పెద్దమనిషి చెయ్యి పట్టుకుని నిలబడాలి. తలలు లెక్కపెట్టకుండా చక్రం కదలకూడదు.

నీళ్ళు ఎన్ని కావాలి?

నలుగురికి రోజుకు అరవై నుంచి డెబ్భై లీటర్లు. అందులో తాగడానికి, వంటకి పదిహేను. గిన్నెలకు పది, మొహం చేతులకు పది, మరుగుదొడ్డికి పదిహేను. మిగిలినవి పిల్లల ఒంటిమీది ఉప్పు, ఇసుక కడగడానికి. వంద లీటర్ల ట్యాంకు ఒకటిన్నర రోజు వస్తుంది. ఉప్పు కడగడానికి ఐదు లీటర్ల సీసా మూతకు సన్నటి చిల్లులు పొడిచి ఎండలో పెట్టండి. మధ్యాహ్నానికి గోరువెచ్చగా ఉంటుంది, ఇద్దరు పిల్లలకు రెండు సీసాలు సరిపోతాయి. పిల్లల్ని బండి బయటే కడగాలి. ఒక్కసారి ఇసుక లోపలికి వచ్చిందంటే పక్కల్లో, తలుపు పట్టాల్లో, కాలువ గొట్టంలో చేరి ప్రయాణమంతా వదలదు.

తాగడానికి ఇరవై లీటర్ల సీలు క్యాన్లు విడిగా కొనండి, ట్యాంకు నీళ్ళు తాగించొద్దు. తీరం దగ్గర బోరు నీళ్ళు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ట్యాంకు నింపేముందు నాలిక మీద వేసుకుని చూడండి.

బండి చేతికి రాగానే ట్యాంకు శుభ్రం చేసుకోవాలి. వంద లీటర్ల నీళ్ళలో నాలుగైదు శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం 100 మిల్లీలీటర్లు పోసి, ప్రతి కొళాయి నుంచీ వాసన వచ్చేదాకా తిప్పి, నాలుగు గంటలు ఉంచండి. తర్వాత మంచినీళ్ళతో వాసన పూర్తిగా పోయేదాకా రెండుమూడుసార్లు కడిగేయండి. ఇది బయల్దేరే ముందురోజు చేసే పని.

బ్యాటరీ మీద ఏసీ నడుస్తుందా?

నడవదనే అనుకోండి. లెక్క చూడండి. పన్నెండు వోల్టుల 200 ఆంపియర్ అవర్ లెడ్ బ్యాటరీలో 2,400 వాట్ అవర్లు ఉంటాయి, అందులో సగమే వాడుకోవాలి, అంటే 1,200. ఇరవై వాట్ల ఫ్యాన్లు మూడు తొమ్మిది గంటలు తిరిగితే 540, చిన్న ఫ్రిజ్‌కు రోజుకు సుమారు 500, దీపాలు, ఫోన్లకు మిగతాది. అక్కడికే సరి. వెయ్యి వాట్లకు పైగా లాగే ఏసీ వేస్తే గంటకే అయిపోతుంది. లిథియం బ్యాటరీ అయినా మరో గంట, అంతే.

అందుకే రాత్రికి ప్లగ్గు. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగది, మూడు పిన్నులది, పాతిక మీటర్లు తీసుకెళ్ళండి. చుట్ట మొత్తం విప్పి పరవాలి. చుట్ట మీదే ఏసీ నడిపితే వేడెక్కి పైతొడుగు కరుగుతుంది. ప్లగ్గులో ఎర్తు ఉందో లేదో చూసే మూడు దీపాల టెస్టరు ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది. ఎర్తు చూపించకపోతే ఆ ప్లగ్గు వాడొద్దు. ఇనుప బండి, తడికాళ్ళ పిల్లలు: ఇక్కడ రాజీ పడకూడదు. బండిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉందా అడగండి, దాని టెస్ట్ బొత్తాం నొక్కితే టక్కున పడిపోవాలి.

జనరేటరు ఉంటే బండికి కనీసం ఆరు మీటర్ల దూరంలో, పొగ గాలివాటున అవతలికి పోయేలా పెట్టాలి. నిద్రపోయేటప్పుడు ఆపేయాలి. కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు. మూసిన బండిలో దోమల చుట్ట కూడా వెలిగించొద్దు, కిటికీలకు దోమతెర కట్టండి.

వంట ఎలా? గ్యాసు పెట్టుకోవచ్చా?

ప్లగ్గు ఉన్నచోట ఇండక్షన్ పొయ్యి వాడండి. రాత్రే అన్నం, పప్పు వండేసి, పగలు తీరంలో వేడిచేసే పని లేకుండా చూసుకోండి. చోడి (రాగి) అంబలి, అటుకులు, అరటిపళ్ళు, ఉడికించిన గుడ్లు పిల్లలకు సాగిపోతాయి. గ్యాసు తప్పదంటే ఐదు కిలోల చిన్న సిలిండరు, అదీ నిలబెట్టి, కింద గాలి రంధ్రం ఉన్న విడి అరలో ఉంచండి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే నేలమీద పేరుకుంటుంది. సరిగ్గా కింది పడకలో పిల్లలు పడుకునేచోటే. బండి కదిలేముందు, పడుకునేముందు రెగ్యులేటరు కట్టేయాలి.

పొద్దున్నే పడవలు ఒడ్డుకొచ్చే వేళకు వెళితే తాజా చేప దొరుకుతుంది. ముళ్ళ భయం ఉంది కాబట్టి పిల్లలకు నెత్తళ్ళు, కవళ్ళు కాకుండా వంజరం ముక్కలో సొరపుట్టో పెట్టండి. చేప బండిలో వండొద్దు, పరుపులకు పట్టిన వాసన వారం పోదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేట నిషేధం, ఆ రోజుల్లో చేప తక్కువ.

బండిలో మరుగుదొడ్డి ఎన్ని రోజులకు నిండుతుంది? ఎక్కడ ఖాళీ చేయాలి?

ఇరవై లీటర్ల పెట్టె నలుగురికి రెండు రోజులు. పిల్లల అత్యవసరాలకు, రాత్రులకు దాచుకుని, పెద్దలు మండపంలోనివి వాడితే మూడు. ఖాళీ చేయడం సెప్టిక్ ట్యాంకు ఉన్న మరుగుదొడ్డిలోనే, యజమానిని అడిగి, తర్వాత రెండు బకెట్లు నీళ్ళు పోసి. ఫార్మాల్డిహైడ్ ఉన్న నీలిమందు వాడితే సెప్టిక్ ట్యాంకులోని సూక్ష్మజీవులు చస్తాయి, ఎంజైము రకం కొనండి. వంశధారలోనో, సరుగుడు తోటలోనో ఒంపేసి పోయే బండ్ల వల్లే తర్వాత వచ్చేవాళ్ళను ఊళ్ళోకి రానివ్వడం మానేస్తారు. డైపర్లు రెండు కవర్లలో బిగించి పట్టణం దాకా తెచ్చి చెత్తబండికి ఇవ్వండి.

పిల్లల్ని సముద్రంలో ఎంతదాకా దింపాలి?

ఐదేళ్ళలోపు వాళ్ళకు చీలమండ లోతు. పెద్దపిల్లలకు మోకాలు. పెద్దమనిషి పిల్లలకూ సముద్రానికీ మధ్యలో, సముద్రం వైపు, చెయ్యందే దూరంలో నిలబడాలి. ఒడ్డున కుర్చీ వేసుకుని చూస్తే అది కాపలా కాదు. మన తీరంలో చాలాచోట్ల నాలుగడుగులకే లోతు వస్తుంది, కెరటం వెనక్కి పోయేటప్పుడు కాళ్ళ కింది ఇసుకను కూడా లాగేస్తుంది.

నదులు కలిసేచోట అసలే వద్దు. కళింగపట్నం దగ్గర వంశధార, కళ్ళేపల్లి దగ్గర నాగావళి, బారువ దగ్గర మహేంద్రతనయ, కోనాడ దగ్గర చంపావతి. అక్కడ నీళ్ళు పలచగా, కెరటం లేకుండా, పిల్లలకోసమే అన్నట్టు కనిపిస్తాయి. ఆటు మొదలవగానే నదినీళ్ళన్నీ ఒక్కసారి సముద్రంలోకి లాగుతాయి. నిన్న ఉన్న ఇసుకతిన్నె ఇవాళ ఉండదు. మామూలు ఒడ్డున కూడా రెండు కెరటాల వరసల మధ్య నురగ లేని, బురదరంగు నీళ్ళు లోపలికి పోతున్న సందు కనిపిస్తే అదే లాగుడు ఉన్న చోటు. దాన్లో చిక్కిన పెద్దవాళ్ళు ఎదురీదకూడదు, తేలుతూ ఒడ్డుకు సమాంతరంగా పక్కకు జరగాలి.

గాలి నింపిన ట్యూబులు, బొమ్మ పడవలు తీసుకెళ్ళకండి. పొద్దున్న గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది, ట్యూబు మీది పిల్లవాడు మీరు తలతిప్పేలోపు లోపలికి పోతాడు. వాళ్ళ ఆటకు తడి ఇసుకలో మడుగు తవ్వి నీళ్ళు నింపండి, అదే స్వర్గం. గొయ్యి పిల్లవాడి మోకాలిని దాటకూడదు, లోతు గోతుల అంచు కూలుతుంది. చెప్పులు విప్పనివ్వొద్దు. ఊరి దగ్గరి ఒడ్డున గాలాలు, చేపముళ్ళు, పొద్దున్న బహిర్భూమికి వెళ్ళిన చోట్లూ ఉంటాయి.

తాబేళ్ళు గుడ్లు పెట్టేది ఇక్కడేనా? పిల్లలకు చూపించవచ్చా?

ఇక్కడే. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్ళు ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. సుమారు 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. అటవీ శాఖ వాళ్ళు గుడ్లు సేకరించి కంచె వేసిన చోట్ల పొదిగిస్తారు. తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలే రోజు ముందే కనుక్కుంటే చూడనిస్తారు. చేత్తో పట్టుకోనివ్వకండి, ఫ్లాష్ వేయకండి. తాబేలు పిల్లలు వెలుగు వైపు నడుస్తాయి కాబట్టి చీకటి పడ్డాక బండి దీపాలు సముద్రం వైపు పడితే అవి దారి తప్పుతాయి. ఒడ్డున రాత్రి ఉండొద్దనడానికి ఇదీ ఒక కారణం.

ఎండ వేళ పిల్లలకు ఏం చూపించాలి?

శ్రీకూర్మం గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళు ఉంటాయి, పిల్లలు అక్కణ్ణుంచి కదలరు. తేలినీలాపురంలో సెప్టెంబరు నుంచి మార్చి దాకా పెయింటెడ్ స్టార్క్ కొంగలు, మచ్చల ముక్కు పెలికాన్లు ఊరి చెట్ల మీదే గూళ్ళు కట్టుకుని ఉంటాయి. పొద్దున్నే వెళ్ళండి, బైనాక్యులర్ తీసుకెళ్ళండి, అరవనివ్వకండి. శాలిహుండం బౌద్ధ స్తూపాలు వంశధార ఒడ్డు కొండమీద ఉన్నాయి, నడవగలిగిన పిల్లలకైతే సాయంత్రం బాగుంటుంది. నౌపడా ఉప్పుమడుల దగ్గర బండి ఆపి, సముద్రపు నీళ్ళు ఎండి ఉప్పు ఎలా అవుతుందో చూపిస్తే ఏ బడిలోనూ దొరకని పాఠం.

ఉద్దానం జీడితోటల్లో ఒక్క జాగ్రత్త. మార్చి నుంచి మే దాకా చెట్టు మీది పచ్చి జీడిగింజ పిల్లల్ని ముట్టుకోనివ్వకండి. తొక్కలోని నూనె చర్మాన్ని కాలుస్తుంది, నోటికి తగిలితే పొక్కులొస్తాయి. తగిలిందంటే వెంటనే సబ్బుతో, ఎక్కువ నీళ్ళతో కడగండి. పలాసలో శుభ్రం చేసిన పప్పు కొనుక్కోండి.

జబ్బు చేస్తే?

విరేచనాలు మొదలవగానే ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్టును లీటరు నీళ్ళలోనే కలపాలి, చిక్కగా కలిపితే కీడు. ప్యాకెట్టు లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు సమంగా కొట్టిన టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. మూత్రం తగ్గినా, పిల్ల మగతగా ఉన్నా ఆగకుండా ఆసుపత్రికి. జ్వరానికి పారాసిటమాల్ మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది, బయల్దేరేముందే మీ డాక్టరు చేత రాయించి మందుసీసాకే అంటించండి.

జెల్లీఫిష్ తగిలితే సముద్రపు నీళ్ళతోనే కడగండి, మంచినీళ్ళు పోస్తే మంట పెరుగుతుంది. పోగుల్ని పట్టకారుతో తీసి, చెయ్యి ఓర్చుకునేంత వేడినీళ్ళలో ఇరవై నిమిషాలు ఉంచాలి. మొగలి పొదల్లో, సరుగుడు ఆకుల కింద పాములుంటాయి. కాటు పడితే కట్టు బిగించకుండా, ఆ కాలు కదలనివ్వకుండా 108కి ఫోను చేయండి. శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజనాసుపత్రి ఉంది. హైవే మీద బండి ఆగిపోతే 1033, మిగతా ఆపదలన్నిటికీ 112.

పిల్లలు నిద్రపోయారు కదా అని మూసిన బండిలో వదిలి ఐదు నిమిషాలకని దిగొద్దు. ఎండలో పది నిమిషాలకే లోపల పది డిగ్రీలు పెరుగుతుంది.

తుపాను హెచ్చరిక వస్తే ఎప్పుడు వెనక్కి తిరగాలి?

వాతావరణ కేంద్రం కళింగపట్నం, భీమునిపట్నం ఓడరేవుల్లో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేయించిందంటే దూరంగా వాయుగుండం ఉందని. అప్పుడే తీరం వదిలి పట్టణంలోకి రండి. మూడో నంబరు దాకా ఆగకండి. ఎత్తయిన బండికి ఎదురుగాలికన్నా పక్కగాలి ప్రమాదం, నదుల మీది పొడుగు వంతెనల మీద స్టీరింగు లాగేస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉన్నా కెరటాలు పెద్దవవుతాయని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం) హెచ్చరిస్తే ఆ రోజు సముద్రస్నానం మానేయండి.

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్ళవచ్చా?

పసుపు బోర్డు బండికి ఆలిండియా పర్మిట్ ఉంటేనే. కాగితం చూశాకే వెళ్ళండి, నోటిమాట నమ్మొద్దు.

బండి తిరిగి అప్పగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

ముందుగా ఉప్పు. పట్టణంలో వాటర్ సర్వీసింగ్ దగ్గర కిందిభాగం, చక్రాల లోపలివైపు, స్ప్రింగులు, మెట్టు మడత మంచినీళ్ళతో కొట్టించండి. ఉప్పుతేమ బోల్టుల్ని తుప్పు పట్టిస్తుంది, ఆ ఖర్చు మీ డిపాజిట్‌లోంచి పోతుంది. మరుగుదొడ్డి పెట్టె, వాడిన నీళ్ళ ట్యాంకు ఖాళీ చేసి మూతలు తెరిచి ఆరనివ్వండి. ఇసుక వాక్యూమ్‌తో తీయించండి, తడిగుడ్డ వేస్తే బురదై పట్టాల్లోకి దిగుతుంది. తీసుకునేటప్పుడు తీసిన ఫోటోలు పక్కన పెట్టుకుని అదే కోణాల్లో మళ్ళీ తీయండి, పైకప్పు కూడా. కొమ్మల గీతలు అక్కడే ఉంటాయి, వాటి గురించే వాదన వస్తుంది. పరుపుల సందుల్లో, సీట్ల కింద చెయ్యి పెట్టి చూస్తే పిల్లల చెప్పొకటి, మందుసీసా ఒకటి దొరకడం ఖాయం.